బేలూరు బొమ్మకు దేవరాజ్ తొడిగిన గాజులు

బళేపేటలో గాజుల సందు మొదట్లో లక్ష్మమ్మ టీ కొట్టు. దానికి నాలుగు కొట్ల అవతల దేవరాజ్ గాజుల కొట్టు. బోర్డు మీద పేరు దేవరాజ్‌ది. బోర్డు కింద పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చుని, వచ్చినవాళ్ల చేతులు పిసికి గాజులు ఎక్కించేది ఆయన భార్య నేత్రావతి. ఆ బోర్డుకూ ఈ టీ కొట్టుకూ మధ్య తిరగడం దేవరాజ్ చేసే వ్యాపారం.

ఆ గురువారం సాయంత్రం ఆయన టీ కొట్టు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. పక్కన ఇనుప సామాన్ల మునిస్వామి, ఆయన తమ్ముడి కొడుకు ప్రవీణ్. ప్రవీణ్‌ది బెళ్ళందూరులో కంప్యూటర్ ఉద్యోగం. పెదనాన్నను చూసిపోదామని వచ్చినవాడు ఊరికే ఉండకుండా ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు.

"అంకుల్, ఇది మన నేత్రావతి ఆంటీ కదా? మా ఆఫీసులో అమ్మాయిలంతా ఒకరికొకరు పంపుకుంటున్నారు. ఆ టూర్ వాళ్లు ఆంటీని ప్రతి శనివారం బస్సులో వచ్చి గుడి గురించి చెప్పమంటున్నట్టు కింద రాశారు. నిజమేనా?"

వీడియోలో బేలూరు గుడి. గైడు మైకు నేత్రావతి చేతిలో ఉంది. ఆమె పైనున్న రాతి బొమ్మ చెయ్యి చూపించి ఏదో చెబుతోంది. చుట్టూ నలభై మంది ఆడవాళ్లు తలలెత్తి వింటున్నారు.

దేవరాజ్ వీడియో వైపు చూడలేదు. పది రోజులుగా రోజుకు ఇరవైసార్లు చూస్తున్నాడు, ఆయనకు కొత్తేమీ కాదు. గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"రమ్మన్నది నిజమే. ఎవరిని రమ్మన్నారనేదే నీకు తెలీదు. ఫోన్ వచ్చింది నాకు. ఎల్లుండి శనివారం పోయేది నేను. ఆ వీడియోలో కనపడేది ఆమె, వినపడేది ఎవరి మాటలో, చిన్నపిల్లోడివి, నువ్వు కనుక్కోలేవు. అడిగినావు కాబట్టి చెప్తా. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. కావాలంటే మీ పెదనాన్నను అడుగు."

పెదనాన్న టీ ఊదుకున్నాడు.

"అసలు నేను చేసింది ఏమీ లేదప్పా. బస్సులో ఒక కిటికీ తీసినాను, అంతే. రెండు దినాల టూరు. శ్రావణబెళగొళ, హళేబీడు, బేలూరు, మర్నాడు చిక్కమగళూరు కొండలు, కాఫీ తోటలు, చూసుకొని మళ్లీ మెజెస్టిక్ బస్టాండు. మన పేట ఆడోళ్లంతా కలిసి పేర్లు రాయించుకున్నారు. నేత్ర కూడా నన్నొక మాట అడక్కుండా రాయించేసింది. నలభై మంది ఆడోళ్లు మగదిక్కు లేకుండా కొండలెక్కి దిగుతామంటే ఎట్లా? అందుకని నేనూ ఒక సీటు తీసుకొంటిని. అప్పటికి మిగిలింది వెనక చక్రం మీది సీటు ఒక్కటే. అది నేను కోరి తీసుకునింది అనుకోండి. బస్సు బరువంతా వెనకే ఉంటాది, ఆ చోట గట్టి మనిషి కూచోవాల."

నేత్రావతి ఎక్కడ కూర్చుందని మునిస్వామి అడిగాడు.

"ముందర. కిటికీ పక్కన. గైడుకు దగ్గర." ఈ మూడు ముక్కలూ చెప్పడానికి దేవరాజ్‌కు మూడు గుక్కల టీ పట్టింది. "గైడంటే మీరేమో పెద్ద పండితుడనుకొంటారు. హేమంత్‌కుమార్ అని, ఇరవై ఏడేండ్ల పిల్లోడు. నల్ల కండ్లద్దాలు తెచ్చి నెత్తి మీద పెట్టుకుంటాడు. కండ్లకు పెట్టుకోవాల్సినవి నెత్తికి పెట్టుకునేవాడికి చరిత్ర ఏం తెలుస్తాది? నీళ్ల బాటిలు అందరికీ ఇచ్చినాడు, కాదనను. ఆమెకు మాత్రం మూత తీసి ఇచ్చినాడు. ఇరవై రెండేండ్ల నుంచి ఆ చేతులు పెద్ద పెద్ద గాజుల పెట్టెలు ఎత్తి దించతా ఉండాయి, మూత తీసుకోలేవా? సరే, అది వదిలెయ్యండి. నెలమంగళ దాటినాము. నేత్రకు గాలి కావాలనిపించింది. కిటికీ బిగుసుకొని ఉండాది. గైడు లాగినాడు, రాలేదు. క్లీనరు వచ్చి లాగినాడు, రాలేదు. నేను వెనకనుంచి లేచి వచ్చి చిటికెన వేలితో ఇట్లా అంటిని. తెరుచుకునింది. అదొక్కటే అనుకుంటా ఉండారా? ఆ వరస కిటికీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి టకటకమని తెరుచుకుంటా పోయినాయి. గాలి సుడి తిరిగి లోపలికొచ్చి డ్రైవరు టోపీ ఎగరగొట్టుకొని పోయింది. కుణిగల్ అవతల ఎవరి రాగి చేనులోనో పడింటాది."

పాలు కాస్తున్న లక్ష్మమ్మ తల తిప్పకుండానే, అది ఏసీ బస్సని నిన్న చెప్పావు కదా, ఏసీ బస్సు కిటికీలు తెరుచుకుంటాయా అని అడిగింది.

"నేను తీస్తే తెరుచుకుంటాయి లక్ష్మక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? శ్రావణబెళగొళ వచ్చింది. ఆరు వందల పైన మెట్లు. చెప్పులు కిందనే వదిలెయ్యాల. ఎండకు రాయి దోసె పెనం మాదిరి కాలతా ఉండాది. సగం ఎక్కినాక కాటన్‌పేట ముసలామె ఒకామె ఇంక నావల్ల కాదని కూలబడింది. ఎత్తి కుడి భుజం మీద కూచోబెట్టుకొంటిని. ఇంకొకామె చూసింది. ఎడమ భుజం ఖాళీగానే ఉండాది కదన్నా అనింది. నాకు కాదనడం రాదు. పైకి పోయేసరికి నా మీద ఏడుమంది. అందులో ఇద్దరు పైన కూచొనే వక్కాకు వేసుకొని, సున్నం చాలలేదని మాట్లాడుకుంటా ఉండారు. పైన కొండంత దేవుడు నిలబడి ఉండాడు, ఆయన కూడా నన్నే చూసినాడేమో, నాకు తెలీదు. నేత్ర మాత్రం చూడలేదు."

ఇక్కడ ఆయన గొంతు కాస్త మారింది.

"ఆ గైడు చెయ్యి చూపిచ్చిన దిక్కే చూస్తా ఉండాది. ఆ దిక్కున ఏముండాది? కొబ్బరి తోటలు, పొలాలు, ఆకాశం. బళేపేటలో లేని ఆకాశమా? 'ఎంత దూరం కనపడతా ఉండాదో' అని నవ్వింది చూడండి. నేను పెండ్లైన కొత్తలో లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన చూపించినాను, అంత నవ్వు రాలేదు. కొట్టు పెద్దది చేసినాను, అప్పుడూ రాలేదు. ఊరికే దూరం కనపడితే నవ్వడమేమిటి? దూరంలో ఎవరి గొప్పతనముండాది?"

"ఏడుమందిని మోసి కూడా మీకు ఆయాసం రాలేదా అంకుల్?" అన్నాడు ప్రవీణ్.

"వచ్చింది. ఆ ఆయాసానికే గొంతు పూర్తిగా కూచుండిపోయింది. ఈ సంగతి గుర్తు పెట్టుకో, ముందర పనికొస్తాది. హళేబీడులో గోడ కింది వరసంతా ఏనుగులు. ఒకదాని మాదిరి ఇంకొకటి ఉండదంట, వేలల్లో ఉండాయంట. లెక్కపెట్టినావా అని గైడును సైగ చేసి అడిగితిని. లేదు సార్, మా పుస్తకంలో ఉండాది అన్నాడు. పుస్తకం చూసి చెప్పడానికి గైడెందుకు? నేను గుడి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి వచ్చి, మట్టి మీద వేలితో అంకె రాసి చూపించినాను. రెండో చుట్టులో ఏవి మగవి, ఏవి ఆడవి, ఏ ఏనుగు కడుపుతో ఉండాదో కూడా గుర్తులు పెట్టి వస్తిని. అప్పట్నుంచి వాడి మొహంలో కళ లేదు. నేనంటే భయం పట్టుకునింది వాడికి."

ఆ భయంతోనే నీ భార్యకు మైకు ఇచ్చాడా అని మునిస్వామి అడిగాడు.

దేవరాజ్ ఈ ప్రశ్న కోసమే కూర్చున్నట్టు బెంచీ మీద ముందుకు జరిగాడు. అసలు పది రోజులుగా ఆయన ఈ కథంతా చెప్తున్నది ఈ ఒక్క చోటును దాటడానికే.

"అదే చెప్తా ఉండా. బేలూరు వచ్చింది. గుడి గోడ మీద, చూరు కింద, ఆడబొమ్మలు. ఒకామె చెయ్యి పైకెత్తి జడ సర్దుకుంటా ఉండాది. గైడు ఏ రాజు కట్టించినాడు, ఎన్నేండ్లయింది, బలపం రాయి కాబట్టి ఇంత సన్నగా చెక్కినారు అని ఒప్పజెప్తా ఉండాడు. ఆడోళ్లు ఆవలిస్తా ఉండారు. నాకు ఒళ్లు మండిపోయింది. గాజుల కొట్టు మనిషిని నేనుండగా ఆ చేతిని గురించి వీడు చెప్పేదేమిటి? చెప్దామంటే నాకు గొంతు లేదు. అందుకని నేత్ర వెనకాల నిలబడి, గాలితో, ఒట్టి ఊపిరితో, మాట మాటా చెవిలో చెప్పినాను. ఆమె పైకి అనింది. అంతే ఆమె చేసింది. వీడియోలో ఆమె భుజం వెనక నీలం చొక్కా కొంచెం కనపడతాది చూడు, అది నేనే."

ప్రవీణ్ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు. నీలంగా ఉన్నది మంచినీళ్ల డ్రమ్ము కదా అని మెల్లగా గొణిగాడు. దేవరాజ్ వినలేదు.

"ఏం చెప్పినాను? మొహం చూడొద్దండమ్మా, చెయ్యి చూడండి అంటిని. జడ సర్దుకోవాలని చెయ్యి పైకెత్తితే మన గాజులు గలగలమని మోచేతి దాకా జారతాయి. ఈమె ఎన్ని వందల ఏండ్ల నుంచి చెయ్యెత్తి నిలబడి ఉండాది, గాజు మణికట్టు దగ్గర్నించి కదల్లేదు. ఎందుకు? సైజు చిన్నది. ఈమెది రెండు ఆరు చెయ్యి. వేసింది రెండు నాలుగు గాజు. సబ్బునీళ్లు పెట్టి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కండ్లలో నీళ్లు తిరుగుతా ఉంటే ఎక్కించిన గాజు అది. ఇట్లాంటోళ్లు నా దగ్గరికి దినమూ వస్తారు. పెండ్లిలో ఎవరో చెయ్యి పట్టుకొని, రెండు నాలుగు చెయ్యి, ఎంత నాజూగ్గా ఉండాదో అనుంటారు. ఇంక ఆ మాట కోసం ఎప్పటికీ రెండు నాలుగే అడుగుతారు. బట్టలు ఉతికి, బిందెలు మోసి ఎముక లావైనా రెండు నాలుగే. నొప్పి ఓర్చుకొని తొడిగించుకొని, బాగుండాయా అని నవ్వుతారు. ఈమె కూడా చూడండి, ఎట్లా నవ్వుతా ఉండాదో. చెక్కినాయన నవ్వును చెక్కినాడు, గాజు బిగువును కూడా దాచకుండా చెక్కినాడు."

లక్ష్మమ్మ చెంబులోంచి గ్లాసులోకి పోస్తున్న టీని మధ్యలో ఆపింది. మునిస్వామి, ఎందుకో, తన భార్యకు ఏ సైజు తెస్తున్నాడో గుర్తు తెచ్చుకునే ప్రయత్నంలో పడ్డాడు.

"అక్కడ ఒక్కరు ఆవలించలేదు," అన్నాడు దేవరాజ్. చేతులు ఊపడం కూడా మరిచిపోయి మామూలు మనిషిలా చెబుతున్నాడు. "నలభై మందీ ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. ఒకామె ఆడనే, ఆ ఎండలోనే, ఉమ్మి రాసుకొని గాజు తీసి సంచీలో వేసుకునింది. ఇంకొకామె నేత్ర చెయ్యి పట్టుకొని ఏడ్చింది. నేనూ అట్లనే చూస్తా నిలబడిపోతిని. నేత్రకు ఇన్ని మాటలు వచ్చునని నాకు..."

ఆగాడు. గ్లాసు ఎత్తి తాగబోయాడు. అది ఖాళీ.

"నేను చెప్పిన మాటలు ఆమె నోట్లో అంత చక్కగా వస్తాయని నాకు తెలీదు, అంటా ఉండా."

"నీ దగ్గరికి దినమూ వస్తారంటివే," అన్నాడు మునిస్వామి. "నువ్వు దినమంతా ఈడనే ఉంటావు గదప్పా."

"దారిలో చూస్తా ఉంటాను మునిస్వామన్నా. చూస్తే చాలు నాకు. చెయ్యి దాకా అక్కర్లేదు, మోచెయ్యి చూసి సైజు చెప్తాను. మోచెయ్యి కూడా అక్కర్లేదు, నడక చాలు. సరే, కథ మధ్యలో ఆపొద్దు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అందరూ కదిలిపోయినారు. నేను ఒక్కణ్ణే మిగిలితిని. ఆ బొమ్మ వైపు చూస్తే పాపమనిపించింది. నేను ఎక్కడికి పోయినా సంచీలో ఒక డజను రెండు ఆరు గాజులు ఉంటాయి. గోడ పట్టుకొని పైకెక్కి, ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకొంటిని. చల్లగా ఉండాది. పాత గాజు విప్పేసి, పన్నెండు పచ్చ గాజులు, ఒక్కటి చిట్లకుండా, రాతి చేతికి తొడిగినాను. ఆమె చెయ్యి దించింది. అన్ని వందల ఏండ్ల తర్వాత చెయ్యి దించింది. మోచెయ్యి పట్టేసి ఉంటాది గదా, రెండుసార్లు అట్లా ఇట్లా ఆడించుకునింది."

లక్ష్మమ్మ ఈసారి తల తిప్పి చూసింది.

"నేను దిగి బస్సెక్కితిని. ప్రతి ఊర్లోనూ బస్సు కదిలే ముందు గైడు తలలు లెక్కపెడతాడు, అది వాళ్ల పద్ధతి. ఆడోళ్లు నలభై, నేను, డ్రైవరు, క్లీనరు, నలభై మూడు తలలుండాల. పెట్టినాడు, నలభై నాలుగు. మళ్లీ పెట్టినాడు, నలభై నాలుగు. వాడికి చెమటలు పోసినాయి. నేను పక్కకు చూస్తే ఏముండాది? వెనక చక్రం మీద, నా పక్క సీట్లో, ఆ బొమ్మ. పచ్చగాజుల చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఊరికే కూచొని ఉండాది. నేత్ర ముందునుంచి వెనక్కి తిరిగి చూసింది. అప్పుడు చూసింది. కొండ మీద ఏడుమందిని మోసినప్పుడు తిరగని తల అప్పుడు తిరిగింది. ఆమె మొహంలో కుళ్లు చూడాల మీరు. మా ఆయన పక్కన ఇంకొకామె కూచుండాదే అని కాలిపోయింది. నేను అదేమీ పట్టించుకోలేదు. నాకు అట్లాంటి గుణాలు లేవు. గైడు ఆమెకు నీళ్ల బాటిలు మూత తీసి ఇచ్చినాడని నేనేమన్నా మనసులో పెట్టుకొంటినా? ఆమె మైకు పట్టుకుంటే అందరూ చప్పట్లు కొట్టినారని పెట్టుకొంటినా? వీడియో కింద జనం రాసిన మాటలన్నీ నేను చదివినాను. ఆమెకు చదవనియ్యలేదు. అది కుళ్లు కాదు. తల తిరిగిపోతాదని. ఆమె మంచికే."

ఆ మాటలు ఎన్ని ఉన్నాయని ప్రవీణ్ అడిగాడు. మూడు వేల నాలుగు వందల పన్నెండని దేవరాజ్ వెంటనే చెప్పాడు. పొద్దున లేచి చూసేసరికి ఇంకో అరవై పెరిగాయన్నాడు. నన్ను గురించి ఒక్కడూ రాయలేదన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"మర్నాడు చిక్కమగళూరు. ముళ్లయ్యనగిరి దారి, పాము మెలికలు తిరిగినట్టు వంకర్లు. బస్సులో రాతి మనిషి ఉండాది కదా, బరువుకు ఎక్కలేకపోయింది. మూడో వంకరలో వెనక్కి జారతా ఉండాది. ఒక పక్క లోయ. ఆడోళ్లు అరుస్తా ఉండారు. గైడు కండ్లద్దాలు నెత్తి మీదనుంచి కిందకు జారి సరిగ్గా కండ్ల మీద పడినాయి, మొదటిసారి. నేను దిగి వెనక బంపరుకు వీపు ఆనించి తోసినాను. బస్సు కొండ చివరి దాకా పోయింది. ఆడ ఆపడం మరిచిపోతిని, ఇంకొంచెం పైకి పోయింది. మబ్బులు కిటికీల్లోంచి లోపలికి వచ్చినాయి, ఆడోళ్లు చీర కొంగుల్లో పట్టుకున్నారు. కింద కాఫీ తోటలు నన్ను చూసి కాలం కాని కాలంలో తెల్లగా పూసేసినాయి. కొండంతా మల్లెపూల వాసన. అందరూ కిటికీల దగ్గర నిలబడి నన్నే చూడాల గదా. నేత్ర పూలను చూస్తా ఉండాది."

"బొమ్మ ఏమైంది?" అని మునిస్వామి అడిగాడు.

"వెనక్కి వచ్చేటప్పుడు బేలూరు మీదనే కదా రావాల. దించేస్తిని. పోనంటే పోనని నా చొక్కా పట్టుకునింది. అమ్మా, నాకు సంసారముండాది, మా ఆవిడ ఒప్పుకోదు అని నచ్చజెప్పి, ఎత్తి గోడకు అంటించి వస్తిని. కావాలంటే పోయి చూసుకోండి, ఆడనే ఉండాది. గాజులు మాత్రం తీసేసుకొంటిని, సర్కారోళ్లు గొడవ చేస్తారని. మెజెస్టిక్‌లో దిగినాక గైడు, ఆ హేమంత్‌కుమార్, అందరి ముందర నా కాళ్ల మీద పడినాడు. సార్, మీరు లేని బస్సు బస్సే కాదు, ప్రతి శనివారం మీరే రావాల అని. సోమవారం ఫోన్ చేసి 'అమ్మ ఉన్నారా' అన్నాడు. అది మర్యాదకు. అమ్మ అంటే అమ్మ భర్త అని అర్థం. ఆమెకు బస్సు పడదు, ఘాట్ రోడ్డు చూస్తే వాంతులు, ఇంక ఎక్కడికీ రాదు, నేనే వస్తానని చెప్పేస్తిని. వాడికి సంతోషం పట్టలేక నోట మాట రాలేదు. మళ్లీ మూడు నాలుగుసార్లు చేసినాడు. మాటిచ్చేసినాక మళ్లీ మళ్లీ మాట్లాడడమెందుకని నేను ఎత్తలేదు."

నేత్రావతికి ఈ సంగతి చెప్పావా అని లక్ష్మమ్మ అడిగింది. గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చింది.

"ఆమెకెందుకక్కా? శనివారం కొట్టులో పెండ్లి బేరాలుంటాయి. ఆమె లేకపోతే ఎవరు చూస్తారు? నేను చెప్పకపోతే ఆమెకు తెలిసేదెట్లా? ఫోన్ నా దగ్గరుండాది."

"నిన్న మధ్యాహ్నం నువ్వు ఈ బెంచీ మీదనే కూచొని ఇదే కథ చెప్తివి," అంది లక్ష్మమ్మ. "నిన్న బొమ్మ బస్సెక్కలేదు, గోడ దగ్గరే చెయ్యి ఊపింది. మెట్ల మీద ముగ్గుర్నే మోసినావు. ఈ స్తంభం దగ్గర ఒక పిల్లోడు నిలబడి టీ తాగతా ఉండె, నువ్వు చూసినావా?"

దేవరాజ్ చూడలేదన్నాడు.

"నెత్తి మీద కండ్లద్దాలు. నువ్వు చెప్పిందంతా విన్నాడు. వాడు నీ కాళ్ల మీద పడే దగ్గర వాడికి పొలమారింది. నేనే నీళ్లిచ్చినాను. ఫోన్ ఎత్తడం లేదని వెతుక్కుంటా వచ్చినాడంట, నేత్రావతమ్మ కొట్టు ఏదక్కా అని అడిగినాడు. చూపిస్తిని."

మునిస్వామి గ్లాసు కింద పెట్టాడు. ప్రవీణ్ వీడియో ఆపేశాడు.

"నేనూ వాడి వెంబడి పోతిని, ఏం జరుగుతాదో చూద్దామని. గాజులు తొడగతానే వింటా ఉండె నేత్ర. ఆయన మీకు బస్సు పడదన్నారమ్మా అన్నాడు వాడు. పడనిది ఆయనకు, బేలూరులో గుడి కూడా చూడకుండా బస్సులోనే పడుకొని ఉండె, పోతా వస్తా వాంతులకు మూడు కవర్లు నేనే పట్టినాను అనింది. నువ్వు అప్పుడు చూడలేదు కాబట్టి, ఆ వీడియో చూసి నేర్చుకొని మాకు చెప్తా ఉండావు. బాగనే నేర్చుకొన్నావు, ఒక్క మాట తప్పలేదు. శనివారం వస్తానని ఆడికాడనే ఒప్పుకునింది. వాడు అయిదున్నరకు మెజెస్టిక్‌కు రమ్మన్నాడు."

దేవరాజ్ కాలు మీది కాలు దించాడు.

"మరి కొట్టు?" అన్నాడు.

"నేనూ అదే అడిగితిని. మా ఆయనుంటాడు అనింది. నిన్నట్నుంచి పెట్టెల మీద సైజులు పెద్ద పెద్ద అంకెలతో రాసి అంటిస్తా ఉండాది, ఎందుకని నువ్వు అడగలేదు. నేను కొంచెం భయపడితిని, నీకు చెయ్యి చూసి చెప్పడం వస్తాదో రాదో అని. ఇప్పుడు ధైర్యమొచ్చింది. నడక చూస్తే చాలంటివి గదా."

ఆమె ఆయన ముందున్న ఖాళీ గ్లాసు తీసుకుంది. వెళ్లబోతూ ఆగింది.

"శనివారం పొద్దున మా చెల్లెలింటి నుంచి ఎనిమిదిమంది ఆడోళ్లు వస్తారు, పెండ్లి గాజులకు. అవి రాతి చేతులు కావు దేవరాజప్పా. నిదానంగా తొడుగు."